వేడినీటి బుగ్గల్లో, అదీ గాలి లేకుండా బతికే బాక్టీరియా: ఉడికిపోవా ఇవి?

బుగ్గనీళ్ళు:
అందరికీ నమస్తే. సెమినార్‌లో నాకు వేడినీటి బుగ్గల్లోని అవాయు బాక్టీరియా, అంటే ఆక్సిజన్ లేకుండా బతికే బాక్టీరియా, టాపిక్ పడింది. పుస్తకంలో దీని గురించి ఉన్నది రెండు పేరాలు, అందులో ఒక పేరా మొత్తం నోరు తిరగని పేర్లే. సరిగ్గా అర్థం కాకుండా వెళ్ళి నిలబడితే చివరి బెంచీ నుంచి ఎవరో ఒకరు ప్రశ్న వేసి పరువు తీస్తారు, అందుకే ముందే ఇక్కడ అడిగేస్తున్నా.

గుడ్డులో తెల్లసొన 60, 65 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకట్టడం మొదలవుతుంది. అదీ ప్రోటీనే, బాక్టీరియా ఒంట్లో ఉన్నదీ ప్రోటీనే. మరి 70, 80 డిగ్రీల నీళ్ళలో ఇవి ఉడికిపోకుండా బతకడమే కాక పెరిగి రెట్టింపవుతున్నాయంటే వీటిలో వేరే పదార్థం ఏమైనా ఉందా? ఇంకోటి, బుగ్గ అన్నాక పైన గాలి ఉంటుంది, కింది నుంచి బుడగలు కూడా వస్తూనే ఉంటాయి, అలాంటి చోట ఆక్సిజన్ లేకపోవడం ఏమిటి? డీఎన్‌ఏకి నకళ్ళు తీసే పీసీఆర్ పద్ధతిలో వాడే టాక్ పాలిమరేజ్ అనే ఎంజైమ్ కూడా ఈ అవాయు బాక్టీరియా నుంచే వచ్చిందని మా సీనియర్ చెప్పింది, స్లైడ్‌లో పెట్టేశాను, కరెక్టేనా? ఫొటోల్లో బుగ్గల చుట్టూ కనిపించే నారింజ, పసుపు, ఆకుపచ్చ రంగులు కూడా వీటివేనా?

ల్యాబ్‌కోటు:
ముందు ఆ స్లైడ్ తీసేయండి. టాక్ ఇచ్చింది థర్మస్ ఆక్వాటికస్ అనే బాక్టీరియా, దానికి ఆక్సిజన్ కావాలి. సూక్ష్మజీవ శాస్త్రవేత్త థామస్ బ్రాక్, అప్పటికింకా విద్యార్థిగా ఉన్న హడ్సన్ ఫ్రీజ్ కలిసి 1966లో అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో మష్రూమ్ స్ప్రింగ్ అనే బుగ్గ నుంచి నమూనా తెచ్చి దాన్ని పెంచారు, 1969లో పేరు పెట్టి ప్రచురించారు. తర్వాత పీసీఆర్ పుణ్యమా అని దానికి వచ్చిన పేరు అంతా ఇంతా కాదు, దాంతో వేడినీటి బాక్టీరియా అనగానే అందరూ దాన్నే తెచ్చి ముందు పెడతారు.

మీ టాపిక్‌కి పనికొచ్చేవి వేరే ఉన్నాయి. అదే యెల్లోస్టోన్‌లో దొరికిన థర్మోఎనరోబాక్టర్ బ్రోకియై ఒకటి, బ్రాక్ పేరే పెట్టారు దీనికి. ఇది చక్కెరల్ని పులియబెట్టి ఇథనాల్, లాక్టిక్ ఆమ్లం, హైడ్రోజన్ లాంటివి వదులుతుంది. ఇంకోటి థర్మోటోగా మారిటిమా, ఇటలీలో వుల్కానో దీవి దగ్గర భూగర్భ వేడికి కాగిన సముద్రపు మట్టిలోంచి తీశారు, 1986లో వివరించారు, దీనికి 80 డిగ్రీలు హాయి, 90 దాకా తట్టుకుంటుంది. న్యూజిలాండ్ వేడి బుగ్గల్లో దొరికిన కాల్డిసెల్యులోసిరప్టర్ శాకరోలిటికస్‌ది మరో దారి, 70 డిగ్రీల దగ్గర కూర్చుని సెల్యులోజ్‌ని తినేస్తుంది. ఈ మూడూ పెట్టుకుంటే చాలు, పేర్ల జాబితా చదివి జనాన్ని నిద్రపుచ్చకండి.

గుడ్డు సంగతికి వస్తే, వేరే పదార్థం ఏమీ లేదు. అవే 20 అమైనో ఆమ్లాలు, మనలో ఉన్నవే. తేడా అంతా మడత బిగువులో ఉంది. ప్రోటీన్ గొలుసు మడత విప్పుకుని పక్కవాటితో చిక్కుపడిపోవడమే గడ్డకట్టడం. ఈ బాక్టీరియా ప్రోటీన్లలో లోపలి భాగం సందు లేకుండా కిక్కిరిసి ఉంటుంది, వేలాడే మెలికలు పొట్టిగా ఉంటాయి, ధన ఋణ విద్యుదావేశాలున్న అమైనో ఆమ్లాలు జతలుజతలుగా పట్టుకుని ఉంటాయి. ఏ ఒక్కటీ పెద్ద బలం కాదు, అన్నీ కలిస్తేనే నిలబడుతుంది. అయినా విప్పుకున్నవాటిని సరిచేయడానికి షాపరోన్లు అనే వేరే ప్రోటీన్లు కూడా పనిచేస్తూనే ఉంటాయి. దీనికి మూల్యం ఏమిటంటే, అంత బిగుసుకున్న ఎంజైమ్ మామూలు గది వేడిలో కదలలేదు, పని దాదాపు ఆగిపోతుంది. మనకి హాయిగా ఉండే చోట ఇవి మొద్దుబారిపోతాయి.

ఇక డీఎన్‌ఏలో జీసీ (ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే జీ, సీ అక్షరాల జతలు) శాతం ఎక్కువ కాబట్టి వేడికి తట్టుకుంటాయి అని స్లైడ్ పెట్టాలనిపిస్తే పెట్టకండి, చాలామంది పెడతారు. పైన చెప్పిన కాల్డిసెల్యులోసిరప్టర్ జీనోమ్‌లో జీసీ 35 శాతం దగ్గరే ఉంటుంది, మన పేగుల్లో ఉండే ఇ. కోలై బాక్టీరియాలో 50 పైన. మరి 70 డిగ్రీల్లో బతుకుతున్నది ఏది? జీసీ ఎక్కువగా ఉండేది రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ, టీఆర్‌ఎన్‌ఏల్లో, ఎందుకంటే అవి తమలో తాము మడతపడి ఆ ఆకారంలోనే నిలవాలి. మొత్తం డీఎన్‌ఏకి వేరే కాపలా ఉంది, థర్మోటోగా లాంటి బాగా వేడి చోట్ల బతికేవాటిలో రివర్స్ గైరేజ్ అనే ఎంజైమ్ డీఎన్‌ఏని విడిపోనివ్వని దిశలో ఇంకాస్త మెలిపెడుతుంది.

కణం చుట్టూ ఉండే పొర కూడా ముఖ్యమే. వేడికి కొవ్వు పొర పలచబడి కారిపోవాలి, అందుకని వీటి కొవ్వు ఆమ్లాలు పొడుగ్గా, సంతృప్తంగా ఉంటాయి. థర్మోటోగాలోనైతే పొరకి ఈ వైపు నుంచి ఆ వైపు దాకా పట్టే జంట కొవ్వు ఆమ్లాలు కూడా ఉంటాయి.

ఆక్సిజన్ గురించి వేరేగా రాస్తా, ఇప్పుడు పని ఉంది.

నాచుపచ్చ:
రంగుల ప్రశ్న నేను తీసుకుంటా. అవి వీటివి కావండీ. కిరణజన్య సంయోగక్రియకి పై హద్దు దాదాపు 73 డిగ్రీలు, అంతకన్నా వేడి నీళ్ళలో దాన్ని నమ్ముకుని బతికేది ఏదీ లేదు. అందుకే పెద్ద బుగ్గల నడుమ నీలంగా ఉంటుంది, అది వట్టి లోతైన నీటి రంగు. నీళ్ళు అంచులకి పారి చల్లబడే కొద్దీ ఎండతో తిండి చేసుకునే ఆకుపచ్చ సయనోబాక్టీరియా మొదలవుతాయి, ఎండ దెబ్బ నుంచి కాపాడుకునే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు వాటికి తోడై పసుపు, నారింజ వస్తాయి.

ఇవన్నీ కలిసి నేల మీద చాపలా ఒక పొర కడతాయి, మీ అవాయు బాక్టీరియా కావాలంటే ఆ రంగు చాప కిందికి చూడాలి. చాప అడ్డకోత తీసి చూస్తే పైన ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన ఆకుపచ్చ, దాని కింద జిగురుగా నారింజ పొర, ఇంకా కిందికి పోతే రంగు పోయి బూడిదగా కుళ్ళిన పొరలు. పగలు పై పొర ఎంత ఆక్సిజన్ తయారుచేస్తుందంటే బుడగలు చాపలోనే చిక్కుకుని ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. పొద్దు పోయాక ఆ ఆక్సిజన్ని చాపలో ఉన్నవాళ్ళే తినేస్తారు, రాత్రికి పై మిల్లీమీటర్‌లో కూడా ఆక్సిజన్ ఉండదు. అప్పుడు సయనోబాక్టీరియా కూడా పగలు దాచుకున్న గ్లైకోజన్ అనే పిండిపదార్థాన్ని పులియబెట్టుకుని బతుకుతాయి, అవి వదిలిన ఎసిటేట్ లాంటివి పక్కవాళ్ళకి తిండి. అంటే ఒకే చోట దాదాపు పన్నెండు గంటలు ఆక్సిజన్ ఉంటుంది, పన్నెండు గంటలు ఉండదు. మీ సెమినార్‌లో ఇది చెప్పండి, పేర్ల కంటే ఇదే బాగా గుర్తుంటుంది జనానికి.

ఇంకో చిన్న మాట. అవాయు సూక్ష్మజీవులన్నీ బాక్టీరియా కాదు. 122 డిగ్రీల్లో పెరిగిందని 2008లో చెప్పిన మెథనోపైరస్ కాండ్లెరీ ఆర్కియా (బాక్టీరియాలా కనిపించినా వేరే వంశానికి చెందిన సూక్ష్మజీవి), సముద్రం అడుగున ఒత్తిడి వల్ల నీళ్ళు మరగని చోట దొరికింది. యెల్లోస్టోన్ ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, 122 మాట అక్కడ ఎత్తకూడదు. రెండూ కలిపేసి వేడినీటి బుగ్గల బాక్టీరియా 122 డిగ్రీల్లో బతుకుతాయి అని రాసిన పోస్టులు తెగ తిరుగుతున్నాయి, నమ్మకండి.

బుగ్గనీళ్ళు:
స్లైడ్ తీసేశాను, సీనియర్‌కి ఈ లింకు పంపాను. ఒక చిన్న ఆశ ఉంది, నవ్వకండి. ఎప్పుడైనా వేడి బుగ్గ దగ్గరికి వెళ్తే ఒక సీసాలో నీళ్ళు పట్టి తెచ్చి కాలేజీ ల్యాబ్‌లో ఇంక్యుబేటర్‌లో పెడితే ఇవి పెరుగుతాయా? ఇంటికొచ్చేలోపు నీళ్ళు చల్లబడిపోతాయిగా, చచ్చిపోవా?

ల్యాబ్‌కోటు:
నవ్వడం ఎందుకు, మంచి ప్రశ్న. ఆక్సిజన్ సంగతి కూడా ఇందులోనే వచ్చేస్తుంది.

చల్లబడితే చావవు. వేడి తగ్గగానే వాటి జీవక్రియ ఆగిపోతుంది, ఆగిపోయిన యంత్రాన్ని ఆక్సిజన్ కూడా పెద్దగా ఏమీ చేయలేదు. 80 డిగ్రీల్లో గాలి తగిలితే చచ్చే థర్మోటోగా లాంటివి ఫ్రిజ్‌లో గాలి ఉన్నా చాలాకాలం నిలుస్తాయి. అసలు ప్రమాదం మీరు ఆ నీళ్ళని గాలి ఉన్న సీసాలో పోసి 70 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టినప్పుడు మొదలవుతుంది. నిద్ర లేచి పని మొదలుపెడతాయి, అప్పుడే ఆక్సిజన్ దెబ్బ కొడుతుంది. వీటి ముఖ్యమైన ఎంజైమ్‌ల నడిబొడ్డున ఇనుము, గంధకం కలిసిన గుత్తులు ఉంటాయి, ఆక్సిజన్, దాన్నుంచి పుట్టే సూపర్ఆక్సైడ్, పెరాక్సైడ్ వాటిని విరగ్గొడతాయి. మనలాంటి జీవుల్లో ఆ చెత్తని శుభ్రం చేసే కాటలేజ్ లాంటివి వీటిలో చాలావాటికి లేవు. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, ఈ బాక్టీరియాని పెంచడంలో వేడి అసలు కష్టమే కాదు, ఏ ఓవెన్ అయినా 70 డిగ్రీలు ఇస్తుంది, మన గాలిని బయట ఉంచడమే చచ్చే చావు.

బుగ్గలో ఆ పని ప్రకృతే చేసిపెడుతుంది. లోతునుంచి వచ్చే నీళ్ళు దారిలో రాళ్ళతో చర్య జరిపి ఆక్సిజన్ పోగొట్టుకునే వస్తాయి. వేడి నీళ్ళు గాలిని కలుపుకోవడమే తక్కువ, 20 డిగ్రీల్లో లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే 70కి అది సగం లోపు, మరుగుతున్న నీటిలో దాదాపు సున్నా. మీరు చూసిన బుడగలు గాలి కాదు, ఎక్కువగా ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, చాలా చోట్ల వాటితో పాటు కుళ్ళిన గుడ్ల వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్. పైనుంచి కాస్త ఆక్సిజన్ దిగినా ఈ సల్ఫైడే దాన్ని మింగేస్తుంది.

ల్యాబ్‌లో మనం చేసేది దీనికి నకలే. రాబర్ట్ హంగేట్ 1950 ప్రాంతంలో పద్ధతి వేశాడు, ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాం. మీడియంని, అంటే బాక్టీరియాని పెంచే పోషక ద్రవాన్ని, మరగబెట్టి గాలి తరిమేయాలి, అది చల్లారుతున్నంతసేపూ సూది గుండా నైట్రోజన్ పంపుతూ ఉండాలి, మందపాటి బ్యూటైల్ రబ్బరు బిరడా పెట్టి పైన అల్యూమినియం మూత బిగించాలి. మీడియంలో రెజాజురిన్ అనే రంగు వేస్తారు. మొదట నీలంగా ఉంటుంది, వేడిచేస్తే గులాబీ అవుతుంది, చివర్లో సిస్టీన్, సోడియం సల్ఫైడ్ చుక్కలుగా వేస్తే మన కళ్ళముందే ఆ గులాబీ పాలిపోయి మీడియం లేత గోధుమరంగుకి వస్తుంది. ఆ తర్వాత సీసాలో ఎక్కడైనా గులాబీ ఛాయ తేలిందంటే గాలి దూరిందని లెక్క, ముఖ్యంగా పైన ఉపరితలం దగ్గర సన్నటి గులాబీ గీత. అది కనిపిస్తే ఆ సీసాని పక్కన పెట్టేయడమే, ఆశపడి లాభం లేదు.

పెరిగాక చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. నీళ్ళు మబ్బుగా మారతాయి, గ్యాసు తయారుచేసే రకమైతే రబ్బరు బిరడా పైకి ఉబ్బుతుంది, సూది గుచ్చితే బుస్సుమంటుంది. కంటికి అద్దాలు లేకుండా గుచ్చకండి. మైక్రోస్కోప్ కింద చాలావరకు మామూలు కడ్డీలే, థర్మోటోగా ఒక్కటి వేరు, దాని చుట్టూ ఉన్న తొడుగు రెండు చివర్లా కణాన్ని వదిలి బుడగలా ఉబ్బి ఉంటుంది. ప్లేట్ మీద కాలనీలు కావాలంటే, మామూలుగా ప్లేట్లలో గడ్డకట్టించే జెల్లీ అయిన అగార్ 70 డిగ్రీల్లో చెమట పట్టి ఎండిపోతుంది, దానికన్నా వేడి కావాలంటే కరిగే ప్రమాదం, అందుకే వేడికి ఎక్కువ ఓర్చే గెల్లాన్ గమ్ అనే జిగురు వాడతారు.

మామూలు సీసాతో చేయాలనుకుంటే బురద కూడా కాస్త కలిపి సీసా అంచు దాకా నింపి, పైన గాలి సందు లేకుండా మూత పెట్టండి. రక్షిత పార్కుల్లో పర్మిషన్ లేకుండా చుక్క కూడా తీయకూడదు. బుగ్గ అంచున గట్టి నేలలా కనిపించేది ఒక్కోసారి పలచటి పెచ్చు మాత్రమే, కింద మరిగే నీళ్ళు. యెల్లోస్టోన్‌లో అలా కాలి చనిపోయినవాళ్ళు ఉన్నారు.

డబ్బామూత:
నేను బుగ్గల దాకా ఎప్పుడూ వెళ్ళలేదు గానీ ఈ జాతితో నాకు ఉద్యోగంలోనే వైరం. డబ్బాల్లో ఆహారం సీల్ చేసే పరిశ్రమలో ఉన్నా. వీటి బంధువులు మట్టిలో, చక్కెరలో, పిండిలో స్పోర్లుగా, అంటే గట్టి పెంకుతో నిద్రపోయే రూపంలో, దాక్కుని వస్తాయి. 121 డిగ్రీల రిటార్టులో (డబ్బాల్ని ఒత్తిడిలో ఉడికించే పెద్ద కుక్కర్) మిగతావన్నీ చస్తాయి, ఈ స్పోర్లలో కొన్ని చావవు. లోపల గాలి ఉండదు, తిండి ఉంటుంది, ఇంకేం కావాలి వాటికి, ఒక్క వేడి తప్ప. అందుకే రిటార్ట్ నుంచి తీశాక డబ్బాల్ని 40 డిగ్రీల లోపుకి గబగబా చల్లార్చాలి. నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట వేడి వేడి డబ్బాల్నే గుట్టగా పేర్చి పంపేసేవాళ్ళు, బయటి వరస చల్లగానే ఉండేది, గుట్ట మధ్యవి రోజులపాటు వెచ్చగా ఉండి మూతలు ఉబ్బి ఠంగుమనేవి. థర్మోఎనరోబాక్టీరియం థర్మోశాకరోలిటికం చేసే పని అది, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ గ్యాసులు. డీసల్ఫోటోమాక్యులం నైగ్రిఫికాన్స్ అయితే ఉబ్బదు, తెరిస్తే సల్ఫైడ్ కంపు, లోపలంతా నల్లగా. ఈ రెండూ మనుషులకి జబ్బు చేసే రకం కాదు, 37 డిగ్రీల ఒంట్లో వీటికి చలేస్తుంది, కానీ ఉబ్బిన డబ్బా ఏదైనా సరే తినకండి, లోపల ఉన్నది ప్రాణాంతక విషం చేసే బొటులిజం బాక్టీరియానో ఇదో బయటినుంచి చెప్పలేం.

ఇంధనంపిచ్చి:
ఎవరూ ఇంధనం మాట ఎత్తలేదేం? గడ్డీ గాదం నేరుగా ఇథనాల్ చేసేవి ఇవే కదా. ఇప్పటికే ప్రపంచం మారిపోవాల్సింది, కంపెనీలు కావాలనే తొక్కిపెట్టాయి.

ల్యాబ్‌కోటు:
తొక్కిపెట్టింది కంపెనీలు కాదండీ, కెమిస్ట్రీ. క్లాస్ట్రీడియం థర్మోసెల్లం అనే బాక్టీరియా సెల్యులోజ్‌ని బ్రహ్మాండంగా నరుకుతుంది, దాని సెల్యులోజోమ్ అంటే ఎంజైములన్నీ ఒకే చట్రానికి తగిలించుకున్న సరంజామా, 1983లో కనిపెట్టారు. కానీ వచ్చేది ఇథనాల్ ఒక్కటే కాదు, ఎసిటేట్, లాక్టేట్, ఫార్మేట్ అన్నీ కలగాపులగం, పైగా ఇథనాల్ పెరిగేకొద్దీ అదే ముందు చతికిలపడుతుంది. ఈస్ట్ తట్టుకునేంత ఇవి తట్టుకోవు. 2008లో థర్మోఎనరోబాక్టీరియం శాకరోలిటికంలో జన్యువులు తీసేసి దాదాపు ఇథనాల్ ఒక్కటే వచ్చేలా చేశారు, అది నిజంగా మంచి పని, అయినా ల్యాబ్ ఫ్లాస్క్‌కీ ఫ్యాక్టరీకీ మధ్య చాలా దూరం ఉంది. నన్నడిగితే ఇథనాల్ కన్నా హైడ్రోజన్ కథే ఆసక్తిగా ఉంటుంది. మామూలు వేడిలో పులియబెట్టే బాక్టీరియా ఒక గ్లూకోజ్ అణువుకి రెండు మూడు హైడ్రోజన్ అణువులు ఇస్తే గొప్ప, కాల్డిసెల్యులోసిరప్టర్, థర్మోటోగా లాంటివి హద్దు అయిన నాలుగుకి దగ్గరగా వెళ్తాయి. ఆ హైడ్రోజన్ని ఎప్పటికప్పుడు బయటికి లాగేయాలి, లేకపోతే వాటి ఊపిరే ఆగుతుంది.

నాచుపచ్చ:
గ్యాసుల మాట వచ్చింది కాబట్టి కార్బాక్సిడోథర్మస్ హైడ్రోజెనోఫార్మన్స్ అనే బాక్టీరియా గురించి కూడా చదవండి బుగ్గనీళ్ళు గారూ. జపాన్‌కి ఉత్తరాన కురిల్ దీవుల్లో ఒకటైన కునాషిర్‌లో వేడి బుగ్గలో దొరికింది. మనల్ని చంపే కార్బన్ మోనాక్సైడే దాని తిండి, నీళ్ళతో కలిపి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ చేసి ఆ శక్తితో బతికేస్తుంది. అగ్నిపర్వతాల గ్యాసుల్లో మోనాక్సైడ్ ఉంటుంది కాబట్టి అక్కడ దానికి లోటు లేదు.

బుగ్గనీళ్ళు:
చివరి రెండు ప్రశ్నలు, ఆ తర్వాత మిమ్మల్ని వదిలేస్తా. ఒకటి, ఒక బుగ్గకీ ఇంకో బుగ్గకీ మధ్య అంతా చల్లటి లోకమే కదా, మరి ఇవి అన్నిచోట్లకీ ఎలా చేరాయి? రెండు, ఇంత మంది జీవులున్న వేడినీళ్ళలో స్నానం చేస్తే ఏమీ కాదా? ఇంట్లో అమ్మ అడిగింది.

నాచుపచ్చ:
మొదటిదానికి చాలావరకు జవాబు స్పోర్లే. ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ దగ్గర సముద్రపు అడుగు మట్టి గడ్డకట్టే చలిలో ఉంటుంది, దాన్ని తెచ్చి 50 డిగ్రీల్లో పెడితే వేడి కోరే అవాయు బాక్టీరియా లేచి పెరిగాయని 2009లో ప్రచురించారు. అక్కడ అవి పుట్టే అవకాశమే లేదు, భూమి లోపలి వెచ్చటి పొరల నుంచి నీటితో పాటు బయటపడి కొట్టుకొచ్చాయని అనుకుంటున్నారు. స్పోర్లు కట్టని థర్మోటోగా లాంటివి కూడా ల్యాబ్‌కోటు గారు చెప్పినట్టు చలిలో పడుకుని ప్రయాణం చేయగలవు.

స్నానం గురించి: ఈ బాక్టీరియాతో భయం లేదు, వాటికి మన ఒళ్ళు మరీ చల్లన. భయపడాల్సింది స్నానానికి హాయిగా ఉండే గోరువెచ్చటి నీళ్ళలో, 45 డిగ్రీల లోపు, బతికే నేగ్లేరియా ఫౌలెరి అనే అమీబాకి. అరుదే, కానీ ముక్కులోకి నీళ్ళు వెళ్తే మెదడుకి చేరుతుంది, చేరితే బతికి బట్టకట్టినవాళ్ళు చాలా తక్కువ. తాగితే ఏమీ కాదు, చర్మానికి తగిలినా ఏమీ కాదు. కాబట్టి అమ్మగారిని తల ముంచొద్దనీ, ముక్కులోకి నీళ్ళు వెళ్ళకుండా చూసుకోమనీ చెప్పండి, దిగేముందు నీళ్ళ వేడి చూసుకోమనండి.